బండ పగిలినా కంచం నిండదు
నాపరాయి గనుల్లో అర్ధాకలి బతుకులు.. ఊరి చిరునామాకే పరిమితమైన ఆహార పథకాలు.. ఖనిజ నిధిలో వాటా దక్కేదెన్నడు?

బేతంచెర్ల: పూర్తిగా తెల్లవారకముందే సమ్మెట మోత మొదలవుతుంది. గునపాలతో పొరలు పెకలించి, ఉలితో గీటుపెట్టి, చతురస్రంగా చీల్చిన బండలను భార్యాభర్తలిద్దరూ గట్టుకు చేరుస్తారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సద్దిమూట విప్పితే అందులో ఉండేది రాత్రి మిగిలిన అన్నం, కాసింత ఊరగాయ, అదృష్టం బాగుంటే పలుచని పప్పు. నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల మండలాల్లో నాపరాయి గనులను నమ్ముకున్న కూలీల దినచర్య ఇది. ఎన్నో రాష్ట్రాల్లో ఇళ్లకు గచ్చుగా మారిన బండ వెనుక అర్ధాకలి ఉందన్న సంగతి ఆ గచ్చుపై నడిచేవారికి తెలియదు.

ఇక్కడి సమస్య తిండిగింజలు దొరకకపోవడం కాదు. ప్రభుత్వం ఉచితంగా బియ్యం ఇస్తోంది, అంగన్‌వాడీ ఉంది, బడిలో భోజనం ఉంది. అయితే ఇవన్నీ ఊరి చిరునామాకు ముడిపడి ఉన్నాయి. కూలీ కుటుంబం ఏడాదిలో అధిక భాగం గడిపేది మాత్రం ఏ చిరునామా లేని గని గట్టున. పథకానికీ కంచానికీ మధ్య ఉన్న ఈ ఎడమే అసలు జబ్బు.

లెక్క తేలని కూడు

జాతీయ ఆహార భద్రతా చట్టం-2013 ప్రకారం ప్రాధాన్య కుటుంబంలోని ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యం అందాలి. 2023 జనవరి నుంచి ఈ బియ్యం పూర్తిగా ఉచితం. రోజువారీగా లెక్కిస్తే మనిషికి దాదాపు 167 గ్రాములు, అంటే సుమారు 580 కేలరీల శక్తి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి ప్రమాణాల ప్రకారం కఠిన శ్రమ చేసే పురుషునికి రోజుకు 3,470 కేలరీలు, స్త్రీకి 2,720 కేలరీలు అవసరం. సమ్మెట కొట్టి, బండలు మోసే పనికన్నా కఠిన శ్రమ మరొకటి ఉండదు. నలుగురున్న కుటుంబానికి వచ్చే 20 కిలోల బియ్యం మొత్తాన్ని భార్యాభర్తలిద్దరే తిన్నా వారి అవసరంలో ఐదింట రెండు వంతులైనా తీరదు. పిల్లల మాట ఆ తర్వాతిది.

మిగిలినదంతా అంగడిలో కొనుక్కోవాల్సిందే. చాలా గనుల్లో కూలి రోజు లెక్కన కాకుండా తీసిన బండల లెక్కన ముడుతుంది. ఒంట్లో సత్తువ తగ్గితే బండ తగ్గుతుంది, బండ తగ్గితే కూలి తగ్గుతుంది, కూలి తగ్గితే తిండి తగ్గుతుంది. ఈ సుడిలో చిక్కిన కుటుంబం మొదట మానేసేది పాలు, గుడ్లు, కూరగాయలు. వానాకాలంలో గుంతల్లో నీరు నిలిచి పని ఆగిపోతే చిల్లర అంగడిలో ఖాతా పెరుగుతుంది. బాకీ ఉన్నవారు బేరమాడలేరు, మరో అంగడికి పోలేరు. ఆకలిని మరిపించేందుకు టీ, బీడీలే దిక్కవుతున్నాయి. భోజనంతోపాటే టీ తాగితే ఆహారంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదని వైద్యులు చెబుతున్నా గట్టు మీద ఆ మాట వినిపించేవారు లేరు.

దుకాణం ఊళ్లో.. మనుషులు గనిలో

2021 జనవరిలో ప్రారంభమైన ఇంటింటి సరఫరా వాహనాలను నిలిపివేసి, 2025 జూన్ 1 నుంచి రాష్ట్రంలో మళ్లీ చౌకధరల దుకాణాల ద్వారానే సరుకులు ఇస్తున్నారు. నెలలో 1 నుంచి 15వ తేదీ వరకు ఉదయం 8 నుంచి 12 గంటల వరకు, సాయంత్రం 4 నుంచి 8 గంటల వరకు దుకాణం తెరవాలన్నది నిబంధన. సొంత ఊరు కాకున్నా ఎక్కడైనా వేలిముద్ర వేసి బియ్యం తీసుకునే వెసులుబాటు ఉండటం మేలైన విషయమే. కానీ గని నుంచి ఊళ్లోకి వచ్చి వరుసలో నిలబడితే ఆ పూట కూలి పోయినట్లే. రాళ్ల పనిలో అరిగిన వేళ్లకు యంత్రం ముద్ర పట్టకపోతే మరో రోజూ తిరగాలి. ఉచిత బియ్యానికి కూలీ చెల్లిస్తున్న ధర ఇది. పైగా దుకాణంలో ఖాయంగా అందేది బియ్యమే. మాంసకృత్తులకు ఆధారమైన కందిపప్పు సరఫరా ఎన్నడూ నిలకడగా సాగలేదు.

తల్లి గట్టున.. బిడ్డ ఎండలో

పసిబిడ్డల పరిస్థితి మరింత దయనీయం. ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ ఉన్నా, గనికి వెళ్లే తల్లి బయలుదేరే వేళకు ఆ కేంద్రం తలుపులు తెరుచుకోవు. చంటిబిడ్డను గట్టుకు తీసుకెళ్లి చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టడం, కాపలాకు అక్కను బడి మాన్పించడం పరిపాటిగా మారింది. దీంతో బిడ్డకు అంగన్‌వాడీ తిండి, అక్కకు బడి భోజనంలో వారానికి ఐదు రోజులు దక్కే గుడ్డు.. రెండూ ఒకేసారి దూరమవుతున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇవి రాష్ట్ర సగటులే. బాలింతలు కూడా బండలు మోసే చోట పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా ఉంటుందని ఆశించలేం.

తిండి లోపం ఆకలితో ఆగదు. నిత్యం రాతిదుమ్ము పీల్చే ఊపిరితిత్తులకు క్షయ ముప్పు ఎక్కువ. బలహీనమైన శరీరంలో ఆ వ్యాధి త్వరగా పాగా వేస్తుంది. జార్ఖండ్‌లో క్షయ రోగుల కుటుంబ సభ్యులకు అదనపు ఆహారం అందించి చేసిన పరిశోధన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఆహారం అందిన కుటుంబాల్లో కొత్తగా క్షయ సోకడం 39 శాతం మేర తగ్గినట్లు అందులో తేలింది. క్షయ రోగికి నెలకు రూ.500గా ఉన్న పోషకాహార సాయాన్ని కేంద్రం 2024 నవంబరు నుంచి రూ.1,000 చేసింది. ఇది రోగం వచ్చాక ఇచ్చే సొమ్ము. రాకముందు కంచంలో గుడ్డు, పప్పు పడితే అంతకన్నా తక్కువ ఖర్చుతోనే ఒక కుటుంబం నిలబడుతుంది.

చట్టానికి ఆనని చిన్న గని

ఈ కూలీలను చట్టం ఎందుకు పట్టించుకోలేదన్నది సహజమైన ప్రశ్న. 1955 నాటి గనుల నిబంధనల్లో 250 మందికి మించి పనిచేసే గనికే క్యాంటీన్ తప్పనిసరి చేశారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత స్మృతి ఆ సంఖ్యను 100కు తగ్గించింది. శిశు సంరక్షణ కేంద్రానికి పరిమితి 50 మంది. నాపరాయి గుంతలో పనిచేసేది మహా అయితే పది, ఇరవై మంది. విడివిడిగా చూస్తే ఏ గనీ చట్టం పరిధిలోకి రాదు, పక్కపక్కనే ఉన్న గుంతలన్నీ కలిపి చూస్తే మాత్రం ఒక పెద్ద కర్మాగారమంత జనం. పలు సంస్థలు కలిసి ఉమ్మడిగా శిశు కేంద్రం నడుపుకోవచ్చని కొత్త స్మృతులే చెబుతున్నాయి. గనుల యజమానులు తలచుకుంటే క్యాంటీన్‌నూ అదే బాటలో నడపవచ్చు.

సొమ్ముంది.. చొరవే కరవు

నిధులు లేవనడానికి వీల్లేదు. గనుల ప్రభావిత ప్రాంతాల మేలు కోసం 2015లో జిల్లా ఖనిజ నిధి ఏర్పాటైంది. లీజుదారులు రాయల్టీతోపాటు దీనికి వాటా చెల్లిస్తారు. ఇందులో 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, విద్య, మహిళా శిశు సంక్షేమం వంటి ప్రాధాన్య రంగాలకే ఖర్చు చేయాలన్న నిబంధనను 2024లో 70 శాతానికి పెంచారు. రోడ్లకు, భవనాలకు వెళ్లే సొమ్ములో కొంతైనా కూలీ కంచానికి మళ్లించడానికి ఈ నిబంధనే ఆధారం.

చేయాల్సిన పనులు అసాధ్యమైనవేమీ కావు. 65 ఏళ్లు దాటిన వృద్ధులకు, దివ్యాంగులకు డీలర్లే ఇంటికి సరుకులు చేరుస్తున్నప్పుడు, నెలలో ఒక రోజు గనుల వద్దకు బియ్యం తీసుకెళ్లడం కష్టమేమీ కాదు. 2024 ఆగస్టులో పునఃప్రారంభమైన అన్న క్యాంటీన్లలో పట్టణ పేదలకు రూ.5కే భోజనం దొరుకుతోంది. అదే వంట వాహనంలో మధ్యాహ్నానికి గనుల గుంపు వద్దకు చేరితే ఎండలో శ్రమించేవారికి ఒక పూట వేడి అన్నం దక్కుతుంది. గని వేళలకు తగినట్లు తెల్లవారుజామునే తెరిచే అంగన్‌వాడీ శిశు కేంద్రం ఉంటే అక్క బడికి వెళ్తుంది. జొన్నలు, చెనిక్కాయలు పండే ఈ సీమలో వాటినే పిల్లల ఆహారంలో చేరిస్తే రైతుకూ గిట్టుబాటవుతుంది.

గనుల శాఖ వద్ద లీజుల లెక్క ఉంది, పౌరసరఫరాల శాఖ వద్ద కార్డుల లెక్క ఉంది, స్త్రీ శిశు సంక్షేమ శాఖ వద్ద పిల్లల బరువుల లెక్క ఉంది. ఈ మూడింటినీ ఒక్క బల్లపైకి తెచ్చి, గని గట్టున ఎంతమంది ఉన్నారు, వారేం తింటున్నారు అని ఆరా తీసే బాధ్యత జిల్లా యంత్రాంగానిదే. ప్రతి బండకూ సీనరేజి లెక్క రాబట్టే ప్రభుత్వం, ఆ బండ తీసిన మనిషి తిన్న ముద్దకూ ఒక లెక్క పెట్టాలి.