గోత్రం వేరైతే రక్తం వేరా?

ఈమధ్య ఓ ఆదివారం పొద్దున, బాచుపల్లిలో మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే ఒకాయన రెండు రిపోర్టులు పట్టుకుని మా ఇంటికొచ్చారు. తన అక్క కూతురిని తన కొడుక్కి చేసుకోవాలని వాళ్ల ఆలోచన. ‘‘డాక్టర్‌ గారూ, మేనరికం మంచిది కాదంటారు కదా! అందుకే నాదీ, మా బావదీ వై-డీఎన్‌ఏ పరీక్ష చేయించాను. నాది హెచ్‌ గ్రూపు, బావది ఆర్‌1ఏ. గోత్రాలు ఎలాగూ వేరే. ఇక భయం లేనట్టే కదా?’’ అన్నారు.

చదువుకున్న మనిషి. డబ్బు పెట్టి మరీ చేయించారు. కానీ ఆ రెండు కాగితాలూ ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవు.

వై క్రోమోజోము మగవాళ్లలోనే ఉంటుంది. తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మార్పు లేకుండా వెళ్తుంది. వేల ఏళ్లలో అందులో అప్పుడప్పుడూ పడే చిన్న మార్పులను బట్టి శాస్త్రవేత్తలు వంశాలను హెచ్‌, ఎల్‌, జె2, ఆర్‌1ఏ లాంటి గ్రూపులుగా విడదీశారు. పది తరాలు వెనక్కి వెళ్తే మనకు 1,024 మంది పూర్వీకుల లెక్క వస్తుంది. వై చెప్పేది అందులో ఒక్కరి సంగతే.

ఇప్పుడు ఆ మేనకోడలి సంగతి చూడండి. ఆమెలో వై లేనే లేదు. అంటే తనలో లేని క్రోమోజోముతో తనకు సంబంధం కలుపుతున్నారన్నమాట. ఆమెకు వాళ్లమ్మ నుంచి వచ్చిన సగం జన్యువులు, అబ్బాయికి వాళ్ల నాన్న నుంచి వచ్చిన సగం, రెండూ ఒకే తాతా నాయనమ్మల దగ్గర్నుంచి వచ్చినవే. మేనత్త, మేనమామ పిల్లల మధ్య ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామనే చేసుకుంటే అది నాలుగో వంతు. మామూలు దంపతులకు పుట్టే పిల్లల్లో వందకు ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో వచ్చే లోపాలుంటే, మేనరికంలో అది దాదాపు రెట్టింపవుతుంది. ఎక్కువ మంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు, నిజమే. కానీ ఆ పెరిగే ముప్పును వై గ్రూపు ఏమాత్రం తగ్గించదు.

గోత్రానిదీ ఇదే లెక్క. అది కూడా తండ్రి వైపే నడుస్తుంది కాబట్టి మేనరికంలో ఎప్పుడూ వేరుగానే కనిపిస్తుంది. ఇక వేరే గోత్రమైనా ఒకే కులంలో తరతరాలుగా ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటే ఏమవుతుందో మత్తు డాక్టర్లనడగండి. సక్సినైల్‌కోలిన్‌ అనే మందు కొన్ని నిమిషాల్లో విరిగిపోవాలి. దాన్ని విరిచే ఎంజైము లోపం ఉన్నవాళ్లలో గంటల తరబడి కండరాలు కదలవు, ఊపిరికి యంత్రం పెట్టాల్సి వస్తుంది. ఈ లోపం వైశ్యుల్లో ఎక్కువని చాలాకాలంగా తెలుసు. ఇది వాళ్ల ఒక్కరి సమస్యే అనుకోవద్దు. మన సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2017 నాటి అధ్యయనంలో, పరిశీలించిన 263 దక్షిణాసియా సమూహాల్లో 81 సమూహాలు కొద్దిమంది మూలపురుషులు, స్త్రీల నుంచే పెరిగినట్టు తేలింది.

వై పరీక్ష పనికిరానిదని నేననను. చరిత్రకు అది మంచి సాక్షి. ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన సిద్దీల సంతతి ఇప్పటికీ మాసబ్‌ట్యాంక్‌ పక్కన ఏసీ గార్డ్స్‌లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని కులాలు, గిరిజన తెగలు, సిద్దీల వై క్రోమోజోములను పోల్చిన ఒక అధ్యయనం 2001లో వచ్చింది. వీళ్లందరి మధ్యా జన్యువుల రాకపోకలు జరిగాయని అది చెప్పింది. మరో రెండేళ్లకు వచ్చిన అధ్యయనంలో, పరీక్షించిన చెంచు మగవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందిలో ఆర్‌1ఏ కనిపించింది. మా పక్కింటాయన బావగారు గొప్పగా చెప్పుకుంటున్న గ్రూపు అదే!

లాలాజలం పంపేముందు ఇంకో మాట. అమెరికాలోని 23అండ్‌మీ సంస్థ నుంచి 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పొక్కాయి. 2025లో ఆ సంస్థ దివాలా పిటిషన్‌ వేసింది. పాస్‌వర్డ్‌ మార్చుకోవచ్చు, డీఎన్‌ఏ మార్చుకోలేం. పైగా అది మీ ఒక్కరిదీ కాదు, మీ అన్నదమ్ములదీ, పిల్లలదీ కూడా.

రిపోర్టులు పక్కనపెట్టి, ‘‘మీ అమ్మగారున్నారా?’’ అనడిగాను. పై అంతస్తు నుంచి పెద్దావిడను తీసుకొచ్చారు. ఇంట్లో చిన్నతనంలోనే పోయినవాళ్లు, రక్తం ఎక్కించుకున్నవాళ్లు, నడక, మాట రానివాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, ‘‘మా పెద్దన్నయ్య పిల్లలిద్దరికీ పుట్టు చెవుడు నాయనా. వదినదీ మేనరికమే’’ అన్నారు. కొడుక్కి ఆ విషయం తెలియదు. పుట్టుచెవుడుకు ఎక్కువగా కారణమయ్యే కనెక్సిన్‌ 26 లాంటి లోపం ఆవిడలో దాగి ఉంటే, అది అటు కూతురి ద్వారా మనవరాలికీ, ఇటు కొడుకు ద్వారా మనవడికీ చేరి ఉండొచ్చు. ఆ దారిలో వై ఎక్కడా లేదు.

తలసీమియా కోసం ఇద్దరు పిల్లలకూ హెచ్‌బీఏ2 రక్తపరీక్ష రాశాను. పంజాగుట్ట నిమ్స్‌లోని మెడికల్‌ జెనెటిక్స్‌ విభాగానికి చీటీ ఇచ్చి, పెద్దావిడను కూడా వెంట తీసుకెళ్లమన్నాను. తాంబూలాల ముహూర్తం వాయిదా వేశారట.