ముందు సముద్రం, ఆ తరువాతే ఆల్చిప్ప

పిల్లలూ! మీ ఇంటికి ఓ కుక్కపిల్లను తెచ్చుకున్నారనుకోండి. ఆకలేస్తే కుయ్యి కుయ్యిమంటుంది. చలేస్తే వచ్చి మీ కాళ్ళ దగ్గర ముడుచుకుంటుంది. మరి ఆల్చిప్పను తెచ్చుకుంటే? అది అరవలేదు, మీ దగ్గరికి రాలేదు, పారిపోనూలేదు. పెట్టినచోటే ఉండి, అక్కడి నీళ్ళు మంచివైతే బతుకుతుంది, కాకపోతే చస్తుంది. అటువంటి ప్రాణిని ఇంట్లో పెంచవచ్చునా? నా అభిప్రాయం చెబుతాను. మీరూ ఆలోచించండి.

కొన్నేళ్ళ క్రితం అమెరికాలో ఉన్న మా అన్నయ్య ఇంటికి వెళ్ళాను. వాళ్ళబ్బాయికి పుట్టినరోజు కానుకగా ఉప్పునీటి అక్వేరియం వచ్చింది. నీళ్ళు నింపిన నాలుగో రోజునే వాడు కొట్టుకు వెళ్ళి అరచేయంత ఆల్చిప్పను కొని తెచ్చాడు. నీలం, ఆకుపచ్చ రంగుల్లో నెమలిపింఛంలా మెరిసే దాన్ని చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. "బాబాయ్! దీనికి తినడానికి ఏం పెట్టాలి?" అని నన్నడిగాడు. కొట్టువాడు "ఏమీ పెట్టక్కర్లేదు" అన్నాడట. నేనూ సరేననుకున్నాను. తొమ్మిదో రోజు పొద్దున చూస్తే చిప్పలు రెండూ బార్లా తెరుచుకుని ఉన్నాయి. ముట్టుకున్నా మూసుకోలేదు. నీళ్ళు కంపు కొడుతున్నాయి. ఆ రోజంతా వాడు అన్నం ముట్టలేదు.

వాడికి ప్రేమ లేకనా అది చచ్చిపోయింది? కాదు. వరస తప్పింది. ముందు సముద్రాన్ని తయారుచేసి, తరువాత ఆల్చిప్పను తేవాలి. వాడు ముందే ఆల్చిప్పను తెచ్చాడు.

అది రాక్షస ఆల్చిప్పల కుటుంబానికి చెందినది. ఈ కుటుంబంలో అన్నిటికన్నా పెద్ద జాతి మీటరుకు మించి పెరిగి, 200 కిలోలకు పైగా తూగుతుంది. ఇళ్ళలో పెంచేవి చిన్న జాతులు. హిందూ మహాసముద్రంలోనూ పసిఫిక్ మహాసముద్రంలోనూ పగడపు దిబ్బల మీద, ఎండ బాగా తగిలే లోతు తక్కువ నీళ్ళలో ఇవి నివసిస్తాయి. చిప్పల మధ్య నుంచి పైకి పరుచుకునే రంగురంగుల కండను ప్రావారం అంటారు. అందులో కంటికి కనిపించని శైవలాలు కోట్లకొద్దీ కాపురముంటాయి. అవి ఎండలో కిరణజన్య సంయోగక్రియ జరిపి, తయారుచేసిన చక్కెరలో చాలా భాగం ఆల్చిప్పకు ఇస్తాయి. ఆల్చిప్ప వాటికి ఇల్లు, ఎరువు ఇస్తుంది. దీన్నే సహజీవనం అంటారు. ఆల్చిప్ప నీటిని వడగట్టి సన్నని జీవులను కూడా తింటుంది కాని, దాని అసలు భోజనం వెలుతురే. "ఏమీ పెట్టక్కర్లేదు" అన్న మాటలో సగమే నిజముంది. దానికి వెలుతురు వడ్డించాలి! వాడు పెట్టిన చిన్న దీపం చేపలను చూసుకోవడానికి సరిపోయింది గాని, ఆల్చిప్ప కడుపు నింపలేదు.

ఇక నీటి సంగతి. నీళ్ళలోని జీవులు విసర్జించే అమోనియా వాటికే విషం. సముద్రం అపారం కనుక అక్కడ అది పలచబడిపోతుంది. గాజుతొట్టిలో ఎక్కడికి పోతుంది? కొన్ని సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైటుగాను, మరికొన్ని నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగాను మారుస్తాయి. ఈ సూక్ష్మజీవులు రాళ్ళమీద, ఇసుకలో స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా తొట్టిలో ఆల్చిప్పను వేయకూడదు. ఆ తరువాత కూడా నీళ్ళు స్థిమితపడేదాకా మరికొన్ని నెలలు ఆగడం మేలు. నీటిలో కలిపితే రంగు మారే పరీక్షా ద్రావణాలు దొరుకుతాయి. అమోనియా, నైట్రైటు బొత్తిగా లేవని అవి చూపించాలి.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. తొట్టిలో నీళ్ళు ఆవిరై తగ్గితే మళ్ళీ ఉప్పునీళ్ళు పోయాలా, మంచినీళ్ళు పోయాలా? మీరే పరీక్షించండి. ఒక పళ్ళెంలో ఉప్పునీళ్ళు పోసి ఎండలో పెట్టండి. నీళ్ళు పోయాక తెల్లగా మిగిలిందేమిటి? ఉప్పే గదా! ఉప్పు ఆవిరి కాదు. కాబట్టి మంచినీళ్ళే పోయాలి, అవీ క్లోరిన్ లేనివి. చిప్ప పెరగడానికి కాల్షియం కూడా కావాలి. సముద్రపు నీటిలో అది లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాములుంటుంది. తొట్టిలో ఆల్చిప్ప దాన్ని వాడుకుంటున్నకొద్దీ మనం మళ్ళీ అందివ్వాలి.

కొని తెచ్చినవాడు చేయవలసింది ఇంకా ఉంది. సంచీని అరగంట తొట్టి నీటిలో తేలనిచ్చి వేడి సమానం కానివ్వాలి. తరువాత తొట్టి నీటిని కొద్దికొద్దిగా సంచీలోకి కలపాలి. మొదటి రోజే తీవ్రమైన దీపం కింద పెట్టకుండా, కొన్ని వారాల్లో మెల్లగా అలవాటు చేయాలి. కొన్ని ఆల్చిప్పలు అడుగునుంచి దారాలు వదిలి రాతిని పట్టుకుంటాయి. వాటిని పట్టి లాగితే లోపలి గ్రంథి తెగి చచ్చిపోతాయి. చేపల జబ్బుకు రాగి కలిసిన మందు వేస్తే చేప బతకవచ్చు గాని, ఆల్చిప్ప బతకదు. ఆరోగ్యంగా ఉన్న ఆల్చిప్ప మీద మీ చేతి నీడ పడితే చాలు, చటుక్కున ముడుచుకుంటుంది. ప్రావారం అంచున దానికి చిన్న చిన్న కళ్ళు వందలకొద్దీ ఉంటాయి మరి! నీడకు కదలకపోయినా, రంధ్రాలు వెడల్పుగా తెరుచుకుని ఉన్నా, వెంటనే నీటిని పరీక్షించాలి. నోరులేని ఆ జీవి మనతో మాట్లాడే భాష అదే.

"ఇంత శ్రమ ఎందుకు? అసలు ఎవరూ పెంచకూడదు" అంటారు కొందరు. నేను అంతదూరం పోను. పసిఫిక్ మహాసముద్రంలోని పలావు వంటి దీవుల్లో వీటి గుడ్లను పొదిగించి పిల్లలను పెంచుతున్నారు. చట్టం ఒప్పుకునే చోట అలా పెంచినదాన్ని కొంటే సముద్రానికి లోటు రాదు. కాని నీటిని కొలిచే ఓపిక లేనివాడు కొనకూడదు. దశాబ్దాలు బతకవలసిన జీవిని తొమ్మిది రోజుల్లో చంపే హక్కు డబ్బిచ్చినంత మాత్రాన రాదు.

మన దేశం సంగతి వేరు. లక్షదీవుల్లోనూ అండమాన్ నికోబార్ దీవుల్లోనూ పెరిగే రాక్షస ఆల్చిప్పలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. వాటిని పట్టడం, అమ్మడం, కొనడం నేరం. ఇక్కడ వాటి ఇల్లు సముద్రమే.

మా అన్నయ్య కొడుకు ఆ తరువాత ఏడాదిపాటు ఏ ఆల్చిప్పా కొనలేదు. ప్రతి ఆదివారం తొట్టి నీటిని పరీక్షించి నోటు పుస్తకంలో రాసుకున్నాడు. అంకెలు నెలల తరబడి నిలకడగా ఉన్నాకనే రెండోదాన్ని తెచ్చాడు. నన్నడిగితే, వాడు ఆల్చిప్పను పెంచడం మొదలుపెట్టింది దాన్ని కొన్నరోజు కాదు, ఆ పుస్తకం తెరిచిన రోజు. మీరేమంటారు?