కప్పకుండా వదిలిన గోయి

ఒకప్పుడు మన పల్లెల్లో ఎద్దో గేదో చనిపోతే ఊరి చివర బీడులో పడేసేవారు. లాక్కెళ్లినవాళ్లు ఇల్లు చేరేలోపే ఆకాశంలో చుక్కల్లా రాబందులు కనబడేవి. కాసేపట్లో గుంపుగా దిగేవి. గంట తిరిగేసరికి ఎముకలు తప్ప అక్కడ ఏమీ మిగిలేది కాదు. యాభై దాటిన పల్లెవాసి ఎవరినడిగినా ఈ సంగతి చెబుతారు. వాళ్ల పిల్లల్ని అడిగితే రాబందును పుస్తకంలోనో జూపార్కులోనో చూశామంటారు. 'రాబందుల్లా పీక్కుతింటున్నారు' అనే తిట్టు మాత్రం మన నోళ్లలో ఇంకా ఉంది. పక్షే లేదు!

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఈమధ్య వచ్చిన రెండు వార్తలు మనల్ని ఆలోచింపజేయాలి. ఒకటి లోపలి పేజీల్లో చిన్నదిగా వచ్చింది. నిమెసులైడ్ అనే నొప్పి మందును పశువులకు వాడడాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 కొత్త సంవత్సరం వేళకు నిషేధించింది. రెండోది మొదటి పేజీల్లో పెద్దగా వచ్చింది. ఢిల్లీ వీధికుక్కల్ని పట్టి షెల్టర్లకు తరలించాలని 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆగస్టు 22న ఆ ఆదేశాన్ని సవరించి, రేబిస్ సోకినవీ, మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని ఆపరేషన్ చేసి, టీకా వేసి పట్టినచోటే వదలాలంది. దీనిమీద దేశమంతా వాదించుకుంది. కుక్కలు పెరగడానికి చెత్తకుప్పలున్నాయి, మునిసిపాలిటీల నిర్లక్ష్యముంది, ఇంకా ఎన్నో కారణాలున్నాయి. అయితే ఆ పెద్ద వార్తకూ ఈ చిన్న వార్తకూ ఉన్న సంబంధాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ సంబంధం పేరే రాబందు.

1990ల వరకు మన దేశంలో రాబందులు కోట్లలో ఉండేవని అంచనా. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో వాటిని ఏళ్ల తరబడి గమనిస్తున్న డాక్టర్ విభు ప్రకాశ్ 1990ల చివరికి అక్కడ నూటికి తొంభై ఐదు పోయాయని గుర్తించారు. మిగిలినవి చెట్లమీద మెడలు వాల్చి కూర్చుని, కొన్నాళ్లకు రాలిపోతున్నాయి. అంటురోగమేమోనని మొదట అనుమానించారు. 2004లో పాకిస్తాన్‌లో పరిశోధన చేసిన డాక్టర్ లిండ్సే ఓక్స్ బృందం అసలు దోషిని పట్టుకుంది. అది డైక్లోఫెనాక్. మనం మోకాళ్ల నొప్పులకు వాడే మందే! 1990లలో దాని ధర పడిపోయింది. కుంటుతున్న ఎద్దుకూ, పొదుగువాపుతో బాధపడే గేదెకూ చవగ్గా దొరికే సూదిమందు అయింది. ఆ సూది వేసిన పశువు రెండు మూడు రోజుల్లో చనిపోతే మందు దాని మాంసంలో మిగిలి ఉంటుంది. దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడవుతాయి. యూరిక్ ఆమ్లం బయటకు పోక, గుండెమీదా కాలేయంమీదా సున్నంలాగా తెల్లగా పేరుకుంటుంది. కొద్ది రోజుల్లో పక్షి చనిపోతుంది.

అన్ని పశువులకూ ఆ సూది వేయలేదు కదా అని సందేహం రావచ్చు. నిజమే. కానీ ఒక్క కళేబరంమీద పదుల సంఖ్యలో రాబందులు వాలతాయి. నూటికి ఒక్క కళేబరం కంటే తక్కువలో ఆ విషం ఉన్నా ఇంత నాశనానికి సరిపోతుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పైగా రాబందు ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. పోయిన సంఖ్యను పూడ్చుకోవడం దానికి సాధ్యం కాలేదు. తెల్లవీపు రాబందులు 1992 నుండి 2007 లోపల నూటికి 99.9 పోయాయి. వెయ్యిలో ఒకటి మిగిలిందన్నమాట.

మరి ఊరి చివరి కళేబరాలేమయ్యాయి? కుళ్లాయి. వాననీటితో వాగుల్లోకి, చెరువుల్లోకి చేరాయి. కుక్కలు తిన్నాయి, తిని పెరిగాయి. రాబందు కడుపులోని తీవ్రమైన ఆమ్లంలో చాలా రకాల రోగక్రిములు చచ్చిపోతాయి. కుక్క అలా కాదు, అది రేబిస్‌ను మనిషి గుమ్మందాకా మోసుకొస్తుంది. రాబందులు పోయిన పద్నాలుగేళ్లలో, అంటే 1992 నుండి 2006 లోపల, అదనంగా 48 వేలమంది దాకా రేబిస్‌తో మరణించి ఉంటారని 2008లో ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆర్థికవేత్తలు ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్‌ల లెక్క ఇంకా భయంకరం. ఒకప్పుడు రాబందులు బాగా ఉండిన జిల్లాల్లో మరణాల రేటు నాలుగు శాతానికి పైగా పెరిగిందనీ, 2000 నుండి 2005 వరకు ఏటా సుమారు లక్షమంది అదనంగా మరణించారనీ వారు 2024లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో ప్రకటించారు. ఇది ఇంటింటికీ తిరిగి తేల్చిన సంఖ్య కాదు, అంచనాయే. అందులో సగం తీసేసినా మిగిలేది చిన్న సంఖ్యేమీ కాదు!

యరొబాము ఇంటివారిమీద పలికిన తీర్పులో, ఊళ్లో చచ్చినవారు కుక్కల పాలు, బయట చచ్చినవారు పక్షుల పాలు అని ప్రవక్త పని పంచుతాడు (1 రాజులు 14:11). ఆ కాలం మనిషికి ఇది తెలిసిన విషయమే. ఇద్దరు పాకీపనివాళ్లలో ఒకరిని మనం చంపుకున్నాం. రెండోవాడి చేతికి మొత్తం పని అప్పజెప్పి, ఇప్పుడు వాడిమీద కోర్టుకెక్కాం.

రాబందు ధర్మశాస్త్రంలో హేయమైన పక్షుల పట్టికలో ఉంది కదా, దానికోసం దుఃఖమెందుకని విశ్వాసులు కొందరనవచ్చు. ఆ పట్టిక తినకూడనివాటిది (లేవీ 11:13), ఉండకూడనివాటిది కాదు. నోవహు ఓడలోకి పవిత్రమైనవి ఏడేసి జతలు ఎక్కితే అపవిత్రమైనవీ జతగా ఎక్కాయి. జలప్రళయం తర్వాత దేవుడు నిబంధన చేసింది నోవహు కుటుంబంతోనే కాదు, ఓడలోంచి దిగిన పక్షులతో, పశువులతో, సమస్త ప్రాణులతో కూడా (ఆది 9:10). మన ఇళ్లలో క్యాలెండర్లమీద యెషయా 40:31 కింద రెక్కలు చాచిన పక్షి బొమ్మ ఉంటుంది. తెలుగులో పక్షిరాజు అన్నాం. హెబ్రీలో ఆ మాట 'నెషెర్'. మీకా 1:16 ఆ పక్షి బోడితలను గుర్తుచేస్తుంది. గద్దకు బోడితల ఉండదు. అందుకే అది రాబందు జాతిదేనని చాలామంది పండితులంటారు. ఐగుప్తునుండి తన ప్రజల్ని మోసుకొచ్చిన తీరును దేవుడు పోల్చింది కూడా ఆ నెషెర్ రెక్కలతోనే (నిర్గమ 19:4). మన క్యాలెండర్ల బొమ్మ మార్చాలని మేమనడం లేదు గాని, ఈ సంగతి తెలిసిన తర్వాత ఆ వచనం చదువుతుంటే కొంచెం సిగ్గనిపిస్తుంది.

అసహ్యమనే మాట దగ్గర మన సంఘాలు మరింత జాగ్రత్తగా ఆగాలి. చచ్చిన పశువును ఊరినుండి ఎత్తి ఊరిని శుభ్రంగా ఉంచినవారినే ఈ దేశం అంటరానివారంది. ఆ పని అందరికీ కావాలి, చేసినవాడు మాత్రం గడప తొక్కకూడదు! మనలో ఎందరో తాతముత్తాతలు ఆ అవమానం మోసినవారే. 1878 జూలైలో ఒంగోలు ప్రాంతంలో డాక్టర్ క్లౌ కాలంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు ఆ వాడలవారే. చచ్చిన పశువు మాంసం ముట్టమని ఆ తరం విశ్వాసులు తీసుకున్న నిర్ణయం వెనుక ఆత్మగౌరవం ఉంది. మనిషినీ పక్షినీ ఒకే తక్కెడలో వేయడం కాదిది. అవసరమైన పని చేయించుకుని, చేసినవారిని చూసి ముక్కు మూసుకునే అలవాటు గురించి చెబుతున్నాం. రాబందులు కోట్లలో రాలిపోతున్నా ఏళ్లపాటు ఎవరికీ పట్టకపోవడానికి ఆ అలవాటే ఒక కారణం. నెమళ్లు అలా రాలి ఉంటే మొదటి ఏడాదే గోల పుట్టేది.

ఇందులో తప్పెవరిది? ఎద్దుకు సూది వేయించిన రైతుదా? నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని పట్టించుకుంటాడని సామెతలు 12:10 చెబుతుంది. ఆ రైతు చేసింది దయగల పని. మందు కనిపెట్టినవారికి, అమ్మినవారికి కూడా 2004కు ముందు ఈ సంగతి తెలియదు. నిర్గమకాండము 21వ అధ్యాయం ఇలాంటి వ్యవహారాల్ని ఎంతో నిదానంగా విడదీస్తుంది. ఎద్దు ఉన్నట్టుండి మనిషిని పొడిచి చంపితే యజమాని నిర్దోషి. అది పొడిచే ఎద్దని ముందే హెచ్చరించినా కట్టివేయకపోతే మాత్రం అతడు ప్రాణానికి జవాబుదారి (21:28,29). గోయి తవ్వి కప్పకుండా వదిలితే, అందులో పొరుగువాడి ఎద్దో గాడిదో పడి చస్తే, తవ్వినవాడు నష్టం కట్టాలి (21:33,34). పడేయాలని తవ్వాడా అని ధర్మశాస్త్రం అడగదు. కప్పాడా లేదా అనే అడుగుతుంది.

ఆ కొలతతో చూస్తే 2004 తర్వాతి కథ వేరే కథ. పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లో మన ప్రభుత్వం నిషేధించింది. రాబందుకు హాని చేయని మెలాక్సికమ్ అప్పటికే ఉంది. అంటే గోయి కప్పడానికి మూత కూడా చేతికందింది. అయినా మనుషుల కోసం తయారైన డైక్లోఫెనాక్ పెద్ద సీసాలు పశువుల కొట్టాలకు నడిచాయి. మనిషికి ఒక డోసుకు 3 మిల్లీలీటర్లు చాలు, 30 మిల్లీలీటర్ల సీసా ఎవరికోసం? ఈ ప్రశ్న అడిగి, పెద్ద సీసాలను ప్రభుత్వం ఆపేసరికి 2015 వచ్చింది. కొన్ని మందుల కంపెనీలు దానిమీద కోర్టుకెళితే 2017లో మద్రాసు హైకోర్టు ప్రభుత్వాన్నే సమర్థించింది. ఈలోగా అసెక్లోఫెనాక్ వచ్చింది. పశువు శరీరంలోకి వెళ్లగానే అది డైక్లోఫెనాక్‌గానే మారిపోతుంది. పేరు మార్చుకున్న పాత విషమే! దాన్నీ కీటోప్రొఫెన్‌నూ ఆపింది 2023లో. నిమెసులైడ్ వంతు ఆ తర్వాత. ఒక్కొక్క పలక చొప్పున గోయిని కప్పడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. తెలియక జరిగిన దానికంటే తెలిసీ జరిగిన ఈ ఆలస్యమే మనల్ని ఎక్కువ బాధపెట్టాలి.

'ఈ లోకం ఎలాగూ గతించిపోయేదే, మనకు ఆత్మల రక్షణ ముఖ్యం' అని ప్రసంగాల్లో వింటుంటాం. ఆత్మల రక్షణ ముఖ్యమే. కానీ రేబిస్‌తో పోయిన బిడ్డ తల్లి దగ్గర కూర్చుని ఆ మాట అనగలమా? మంచి నీళ్లు తాగి మిగిలినవాటిని కాళ్లతో కలకచేసే గొర్రెలమీద దేవుడు కోపించాడు (యెహెజ్కేలు 34:18,19). ఈ కలకచేయడం మనకు దూరంలో లేదు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల్ని శుద్ధి చేసే కేంద్రం నుండి బయటకొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. శుద్ధి చేశాక ఉన్నది ఇంత! అలాంటి నీటిలో బతకనేర్చిన క్రిములకు రేపు ఆసుపత్రిలో అదే మందు ఇస్తే లొంగుతాయా? స్వస్థత కోసం చేసిన మందు నీటిలోకి, మాంసంలోకి జారి మరొకరికి రోగమవుతోంది.

ఆశ లేకపోలేదు. హర్యానాలోని పింజోర్‌లో రాబందుల్ని పెంచి అడవిలోకి వదులుతున్నారు. హైదరాబాద్ నెహ్రూ జూపార్కులోనూ పెంపక కేంద్రం పెట్టారు. 2013లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పాలరాపుగుట్ట కొండచరియమీద పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టుకుని కనబడితే అటవీశాఖవాళ్లు పండగ చేసుకున్నంత పనిచేశారు. అయితే పెంచి వదిలిన పక్షి దిగేది మన పశువు కళేబరంమీదే.

మన సంఘాల్లో గేదెలు మేపేవారున్నారు, గోపాలమిత్రలున్నారు, మందుల దుకాణాలు నడిపేవారున్నారు. ఆదివారం ఆరాధన చివర ప్రకటనల్లో పెళ్లిళ్లూ కూడికలూ చెబుతాం. పశువుకు నొప్పి సూది వేయిస్తే మెలాక్సికమ్ అడగండి, ఇంట్లో మిగిలిన మనుషుల డైక్లోఫెనాక్ పశువుకు పొడవకండి, సూది వేశాక చనిపోయిన పశువును బయట పడేయక లోతుగా పూడ్చండి అని చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. పాస్టరుగారు చెబితే ఊళ్లో గోపాలమిత్ర కూడా వింటాడు, చాలాచోట్ల అతను కూర్చునేది మూడో వరసలోనే.