వంటింటి బండ ఎంచేదెవరు?

బెంగళూరులో ఇప్పుడు వంటింట్లోనూ అద్దంలా మెరిసే గ్రానైటే వేయిస్తున్నారు. నీళ్లో నూనో ఒలికితే జారిపడేది అమ్మే కదా! నన్నడిగితే తాండూరు బండో, నంద్యాల జిల్లా బేతంచర్ల బండో నయం. మరీ నునుపు చేయించకపోతే కాలు నిలుస్తుంది. అయితే ఇవి సున్నపురాళ్లు. అలమరలకు వాడే కడప బండ కూడా ఈ జాతే. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే వెంటనే తుడవాలి, లేదంటే మచ్చ నిలిచిపోతుంది. యాసిడ్ అసలు పోయకూడదు, మామూలు సబ్బునీళ్లు చాలు. కొనేముందు ఒక ముక్క మీద నిమ్మకాయ పిండండి: నురగ కట్టినా, మెరుపు చచ్చినా సున్నపురాయే. ఇంత జాగ్రత్త మావల్ల కాదంటారా, గ్రానైటే వేసుకోండి, కానీ గరుకుది అడగండి. రోజూ తుడిచేది అమ్మ, లేదా పనమ్మ. రాయి ఎంచడానికి మాత్రం నాన్న, మేస్త్రీ వెళ్లొస్తారు. ఇదెక్కడి లెక్క?