గుర్తు మారిన లెక్క

అక్షరము తప్పినచో చదువరి నవ్వుకొనును. అంకె తప్పినచో నష్టపడును. ఈ రెండు తప్పులకును గల భేదమును మనవా రింకను గుర్తింపకుండుట శోచనీయము. వాక్యములో నొక మాట చెడినచో ముందువెనుకల మాటలను బట్టి పాఠకుడు దానిని తానే సవరించుకొనగలడు. లెక్కలో నట్టి యాధారము లేదు. ఒక గుర్తునకు మారుగ మరియొక గుర్తు పడినచో లెక్క చెడినట్లు కనబడదు. వేరొక లెక్కగా మారిపోవును. కంప్యూటరులు, చేతిఫోనులు మన పాఠములకును, పద్దులకును, పట్టాలకును ఆధారములైన యీ దినములలో నీ విషయమును గూర్చి ప్రజలు శ్రద్ధ వహింపవలసియున్నది.

హైదరాబాదునకు ఉత్తరమున నాగపూరు రహదారిపై నున్న సుచిత్ర కూడలిని మన పాఠకులలో ననేకు లెరుగుదురు. అచ్చటినుండి మేడ్చలువరకు నొకప్పుడు పొలములును, ద్రాక్షతోటలును ఉండెడివి. ఇప్పుడు కళాశాలలును, శిక్షణాలయములును వరుసగ వెలసినవి. మొన్న నచ్చటి విద్యార్థి యొకడు తన ఫోనునకు వచ్చిన యభ్యాస ప్రశ్నపత్రమును మాకు చూపెను. ఒక రాశి రెండునకు తక్కువ కాదని తెలుపు గుర్తుండవలసిన చోట, రాశి తలపై చిన్న 3 అంకె యున్నది. అనగా అసమానత ఘనముగా మారినది. బాలుడు ఘనమూలమునకై అరగంట ప్రయాసపడి, తుదకు తనకు గణితము రాదని నిశ్చయించుకొనెను. గుర్తు తప్పినదన్న సందేహ మతనికి కలుగలేదు. అచ్చయి వచ్చినదానిని శంకింపవచ్చునని మనము పిల్లలకు నేర్పలేదు గదా!

ఈ వింతకు కారణము కష్టమైనది కాదు. కంప్యూటరునకు అక్షరములు తెలియవు, సంఖ్యలే తెలియును. ఒక్కొక్క అక్షరమునకు నొక్కొక్క సంఖ్య నిర్ణయింపబడియున్నది. ఆ సంఖ్యకు రూపము నిచ్చునది ఫాంటు. పూర్వము స్థానములు చాలక, గణితపు గుర్తుల నన్నిటిని వేరొక ఫాంటులో, సామాన్యాక్షరముల సంఖ్యలమీదనే కూర్చిరి. 'సింబల్' అను ప్రసిద్ధమైన ఫాంటులో 179వ స్థానమున 'అధికము లేక సమానము' అను గుర్తు కలదు. సామాన్య ఫాంటులలో నదే స్థానమున ఘనమును తెలుపు చిన్న 3 కలదు. 185వ స్థానమున నున్న 'సమానము కాదు' అను గుర్తు, తలమీది 1 అగును. అనంతపు గుర్తు జపాను నాణెపు గుర్తగును. 'తక్కువ లేక సమానము' అనునది ఇంగ్లీషు పౌను గుర్తగును. వర్గమూలపు గుర్తు రెండు చుక్కలు గల జర్మను అక్షర మగును. వ్రాసినవాని యంత్రములో నా ఫాంటు ఉన్నది, చదువువాని ఫోనులో లేదు. సంఖ్య యదే, రూపము మారినది. ఒక్కొక్కప్పు డేమియు తోచక యంత్రము ఖాళీపెట్టెను చూపును. అది కొంత మేలు. పెట్టె తన తప్పును తానే చాటును. తలమీది 3 అట్లు చాటదు.

సీసపు అచ్చుల కాలమున కంపోజిటరు పొరపాటున నొక అచ్చునకు బదులు వేరొక అచ్చు పెట్టినచో ప్రూఫు దిద్దువాడు పట్టుకొనెడివాడు. వాని చేతిలోని కాగితమును, పాఠకుని చేతికి వచ్చు కాగితమును ఒక్కటే. ఇప్పుడట్లు కాదు. దిద్దువాని తెరపై నంతయు సరిగ నుండును. తప్పు పాఠకుని తెరపై పుట్టును. ఇట్టి తప్పును పట్టుటకు పాతపద్ధతి ప్రూఫులు చాలవు.

గోచరమైన తప్పునకును, గోచరము కాని తప్పునకును లోకమున నెంత భేదమో 2018 ఫిబ్రవరిలో మన భాషయే చూపినది. 'జ్ఞా' యను అక్షరపు కూర్పు తెరపైకి వచ్చినంతనే ఐఫోనులలోని సాధనములు స్తంభించిపోయినవి. ప్రపంచ మంతయు గగ్గోలు పెట్టెను. ఆ నెలలోనే ఆపిల్ సంస్థ సవరణ పంపెను. ఫోను నిలిచిపోయినది కాన దిద్దిరి. ఫోను నిలువక, లెక్కమాత్రము మారుచుండినచో దిద్దువా రెవరు? సుచిత్రలోని బాలుని యరగంటకు గగ్గోలు పెట్టువా రెవరు?

ఇది విద్యార్థుల బాధయే యని గృహస్థులు తలపవలదు. భూవసతి గలవారికి నిందు పాలున్నది. తెలంగాణములో భూమిని ఎకరములు, గుంటలుగ కొలతురు. ఎకరమునకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజములు. 2 ఎకరముల 20 గుంటలను నడుమ చుక్క పెట్టి 2.20 అని వ్రాయుట వాడుక. పట్వారికి నా చుక్క ఎకరములను గుంటలనుండి వేరుచేయు గీటురాయి. యంత్రమునకో, యది దశాంశపు చుక్క. దశాంశముగ చదివినచో 2 ఎకరముల 8 గుంటలు మాత్రమే యగును. 12 గుంటలు, అనగా 1452 గజములు మాయమగును. పట్టిక వ్రాయు సాధనములు చివరి సున్నను విలువలేనిదని తొలగించి 2.2 అని చూపును; దానిని 2 ఎకరముల 2 గుంటలని చదివినవానికి 18 గుంటలు, అనగా 2178 గజములు పోవును. చుక్కకు బదులు అడ్డుగీత పెట్టితిమా, యంత్రము దానిని తారీఖుగా మార్చుటయు కలదు. గజములలెక్కన స్థలములు విక్రయమగు మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతములలో నా చుక్క విలువ యెంతయో చెప్పనక్కరలేదు. శామీర్‌పేటకు సమీపమున నున్న మూడుచింతలపల్లిలోనే 2020 అక్టోబరు 29న 'ధరణి' ప్రారంభింపబడినది. 2025 ఏప్రిలులో దాని స్థానమున 'భూభారతి' వచ్చినది. మే మే కార్యాలయమును నిందించుట లేదు. పుస్తకమునుండి యంత్రమునకును, ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకును లెక్కలు మారునపుడెల్ల గుర్తులయర్థము వెంట పోవుచున్నదా యని విచారింపవలెనని మాత్రమే మా మనవి.

మన పూర్వుల గణితచిహ్నముల గతి ఇంకను విచారకరము. పావులూరి మల్లన గణితమును తెలుగు పద్యములలో చెప్పిన జాతి మనది. మన కరణములు భిన్నములను నాలుగింటి లెక్కను వ్రాసెడివారు. పాతికకు నొక నిలువుగీత, అరకు రెండు, ముప్పాతికకు మూడు. వీసమునకు, అనగా పదునారవపాలునకు, ఒక అడ్డుగీత. నిలువుగీత పడుకొన్నచో పాతిక వీస మగును. ఆస్తి నాలుగవవంతునకు దిగును. అందుచేత గీతను నిలుపుటలో వారెంతయో జాగరూకు లైయుండిరి. ఈ భిన్నచిహ్నములకును, తూము గుర్తునకును 2008లో యూనికోడు 5.1వ కూర్పున స్థానములు లభించినవి. ఆ పని జరిగి యేండ్లు గడచినను, అచ్చుపనులలో వాడబడు తెలుగు ఫాంటులలో ననేకముల యందు వాని రూపములు లేవు. పాత లెక్కపుస్తకమును తెరపై కెక్కింపబూనినవానికి గీతలకు బదులు పెట్టెలు లభించును. స్థానమిచ్చినది ప్రపంచము, రూపమీయవలసినది మనము.

ఇవి యంత్రజ్ఞుల పనులు, సామాన్యుల కేల యని కొంద రందురు. అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డొనాల్డు క్నూత్ అట్లు తలపలేదు. 1977లో తన గ్రంథముయొక్క రెండవ సంపుటపు క్రొత్త ముద్రణకై వచ్చిన ప్రూఫులలో అచ్చు వికారముగ నుండుట చూచి సహింపలేక, గణితమును చక్కగ కూర్చుటకు 'టెక్' అను సాధనమును తానే నిర్మింప మొదలిడి, లోకమునకు ఉచితముగ నిచ్చెను. నేటికిని ప్రపంచపు గణితశాస్త్రజ్ఞులు దానిని వాడుచున్నారు. తన చిహ్నములను తాను గౌరవించుకొనువానికే లోకము గౌరవ మిచ్చును.

కర్తవ్యము స్పష్టము. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునుండియు గణితపు గుర్తులకు ప్రత్యేకస్థానములు కలవు. పాత ఫాంటుల మారువేషములను విడిచి వానినే వాడవలెను. పత్రమును పంపువారు ఫాంటును పత్రములోనే పొదిగి పంపవలెను. ప్రశ్నపత్రము సిద్ధపరచువారు, పిల్లవాడు చూచునట్టి ఫోనులోనే దానిని తెరచి, గుర్తు గుర్తును సరిచూడవలెను. గుర్తు మారిన ప్రశ్నకు మార్కులు తగ్గింపరాదు. మన విశ్వవిద్యాలయములును, ప్రభుత్వములును తమ వ్యయముతో తయారగు ప్రతి తెలుగు ఫాంటునందును భిన్నచిహ్నములు చేర్పవలెనని నిర్బంధింపవలెను. ఇందుకు కావలసినది ధనముకంటె పట్టుదల.

భూమిలెక్కల విషయమున మన దస్తావేజు లేఖకులే గురువులు. వారు మొత్తమును అంకెలలో వ్రాసి, వెంటనే 'అక్షరాల' నని మరల వ్రాయుదురు. ఇది చాదస్త మని నవ్వువారు కలరు. అంకెను మార్చుట సులభము, మాటను మార్చుట కష్టమని యెరిగిన యనుభవ మది. '2.20' అను నాలుగు గుర్తుల ప్రక్కనే 'రెండెకరముల ఇరువది గుంటలు' అని వ్రాసియున్నచో నే యంత్రమును దానిని కుదింపజాలదు. మీ పట్టాలను, పద్దులను ఒకమారు తెరచి, పాతకాగితముతో సరిపోల్చి చూచుకొనుడు. మీ పిల్లలకు లెక్క కుదరనపుడు వారి బుద్ధిని నిందించుటకు పూర్వము గుర్తును శంకింపుడని చెప్పుడు. యంత్రము మనకు సేవకుడు. సేవకుడు చెప్పిన లెక్కను యజమానుడు మరల చూచుకొనుట అవమానము కాదు. అది యజమానుని ధర్మము.