పాము విషం, మన ప్రెషర్ మాత్ర

తమిళ మీడియంలో చదువుకున్నవాణ్ణి, ఒత్తులు తప్పితే పెద్దలు మన్నించాలి.

పోయిన వారం మన గ్రూపులో ఒక వీడియో తిరిగింది. ప్రెషర్ మాత్రలో పాము విషం కలుపుతున్నారట. అది చూసి మనలోనే ఒక పెద్దాయన, నాకు అన్న వరస, మాత్ర మానేశారు. అడిగితే "విషం మింగి బతకమంటావా తమ్ముడూ" అన్నారు. అందుకే ఈ రాత.

వీడియోలో సగం నిజం ఉంది. కౌంటర్లో నా అనుభవం చెప్తున్నాను, దొంగ టికెట్టు కన్నా సగం చెరిగిన టికెట్టుతోనే ఎక్కువ గొడవ.

బ్రెజిల్‌లో జరరాకా అని ఒక పింజర జాతి పాము ఉంది. దాని విషం ఎక్కితే రక్తపోటు పడిపోతుంది. సెర్జియో ఫెరేరా అనే బ్రెజిల్ శాస్త్రవేత్త ఆ విషంలోని పదార్థాన్ని 1960లలో లండన్‌లో జాన్ వేన్ ప్రయోగశాలకు తీసుకుపోయారు. రక్తనాళాలను బిగించే పదార్థాన్ని తయారుచేసే ఎంజైమును అది అడ్డుకుంటుందని తేలింది. దాన్ని చూసి అమెరికాలో స్క్విబ్ కంపెనీవాళ్లు, కుష్‌మన్, ఒండెట్టి అనే ఇద్దరు, క్యాప్టోప్రిల్ అనే చిన్న రసాయనం చేశారు. 1981లో దానికి అక్కడ అనుమతి వచ్చింది. ఎనలాప్రిల్, రామిప్రిల్ దాని తమ్ముళ్లే. పాము దగ్గరున్న తాళంచెవిని చూసి ఫ్యాక్టరీలో వేరే తాళంచెవి కోసుకున్నారు, అంతే. మాత్రలో విషం చుక్క కూడా లేదు.

మన చిన్న పింజర, ఇక్కడ సురుట్టై విరియన్ అంటారే, దాని విషంలోని ఒక ప్రొటీన్ చూసి చేసిందే టిరోఫిబాన్ ఇంజెక్షన్. గుండెపోటులో రక్తం గడ్డకట్టకుండా వేస్తారు.

నిజంగా విషం వాడేది పాముకాటు మందుకి. గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి తయారుచేస్తారు. ఆ విషం తీసి ఇచ్చేది మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో ఇరుళర్ల సహకార సంఘం, 1978లో పెట్టింది. పాముని చంపరు, విషం తీసి మళ్లీ వదిలేస్తారు. వాళ్లలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మనం మహాబలిపురం టూరు పోతే బస్సు ఆ దారినే పోతుంది, ఒక్కసారీ ఆపలేదు! ఈసారి ఆపాలి, టికెట్టు కొని పిల్లలకు చూపించాలి. కమిటీకి ఇదే నా అర్జీ.

మాత్ర పడకపోతే, పొడి దగ్గు వస్తే, డాక్టరుకి చెప్తే వేరేది రాస్తారు. మనంతట మనం మానకూడదు. అన్నయ్యా, రేపు తొమ్మిదింటికి ఆటో తీసుకొస్తాను, పాత చీటీ పట్టుకుని తయారుగా ఉండండి.