పాత బాక్సు, కొత్త బాక్సు.. మధ్యలో మీ ఉద్యోగం

‘పాత స్పీకర్లలో ఉన్న సౌండ్ ఇప్పటివాటిలో ఎక్కడిది?’ అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. ‘అరచేతిలో పట్టే స్పీకరే గదంతా మోగిస్తుంటే ఆ చెక్కపెట్టెలు ఎందుకు?’ అంటారు మీరు. ఈ వాదన ఎన్నేళ్లయినా తెగదు. ఇద్దరూ చెవికి నచ్చింది చెబుతున్నారు తప్ప కారణం చెప్పడం లేదు మరి. రాంబిల్లి చుట్టుపక్కల ఉంటూ డిప్లొమానో, డిగ్రీనో, బీటెక్కో చదివి ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు నేను చెప్పేది ఒకటే: ఆ కారణం దాకా వెళ్లండి. వెళ్తే పక్క మండలంలోని అయస్కాంతాల ప్లాంటు గేటు దగ్గర తేలుతారు.

పెట్టె ఎందుకు చిన్నదైంది?

పాత స్పీకర్లు అంత పెద్దగా ఉండటం ఆడంబరం కోసం కాదు. అప్పట్లో ఇళ్లలో వాడే వాల్వ్ యాంప్లిఫయర్లు ఇచ్చే పవర్ చాలా తక్కువ. దాంతోనే గది నిండాలంటే పెట్టె పెద్దది కావాల్సిందే. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ పవర్‌కే ఎక్కువ శబ్దం.. ఈ మూడూ ఒకేచోట దొరకవు. రెండు కావాలంటే మూడోది వదులుకోవాలి. ఇంజినీర్లు దీన్ని హాఫ్‌మన్ సూత్రం అంటారు. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ తన ఏఆర్-1 స్పీకర్‌లో ఆ మూడోదాన్నే వదిలేశాడు. గాలి చొరబడని చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ రప్పించి, దానికి బదులుగా ఎక్కువ పవర్ అడిగాడు. ఇప్పటి చిన్న స్పీకర్లు నడిచేదీ ఆ దారిలోనే. క్లాస్-డి యాంప్లిఫయర్లు వచ్చి పవర్ చవకైంది కాబట్టి వాటికి అది చెల్లింది.

లెక్క చూడండి. సెన్సిటివిటీ 90 డెసిబెల్స్ ఉన్న పాత స్పీకర్‌కి 10 వాట్లు సరిపోయే చోట, 84 డెసిబెల్స్ ఉన్న కొత్తదానికి 40 వాట్లు కావాలి. 3 డెసిబెల్స్ తగ్గిన ప్రతిసారీ పవర్ రెట్టింపు చేయాలన్నమాట. డబ్బా మీద వాట్లు ఎక్కువ రాసి ఉంటే సౌండ్ కూడా ఎక్కువని అనుకునేవాళ్లకి ఈ ఒక్క లెక్క చాలు.

అయస్కాంతం కథ

స్పీకర్ వెనక ఉండే అయస్కాంతం చూస్తే అది ఏ కాలం నాటిదో చాలావరకు చెప్పొచ్చు. పాతవాటిలో అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన ఆల్నికో ఉండేది. 1978లో, కోబాల్ట్ ఎక్కువగా పండే జైర్ దేశంలో (ఇప్పటి కాంగో) గొడవలు జరిగి దాని ధర ఆకాశానికి అంటింది. దాంతో చాలా కంపెనీలు చవకైన ఫెరైట్‌కి మారిపోయాయి. ఫెరైట్ బరువెక్కువ, బలం తక్కువ. 1983 ప్రాంతంలో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు ఎవరికి వారుగా నియోడిమియం అయస్కాంతాన్ని తయారు చేశారు. మీ చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్ అంత చిన్నగా ఉందంటే దాని చలవే. ఎలక్ట్రిక్ కార్ల మోటార్లలోనూ ఎక్కువగా ఉండేది ఇదే.

ఇప్పుడు మన ఊరి వైపు చూడండి. అచ్యుతాపురం మండలంలోని బార్క్ ప్రాంగణంలో ఐఆర్ఈఎల్ సంస్థ రేర్ ఎర్త్ అయస్కాంతాల ప్లాంటు పెట్టింది. 2023 మే 11న ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. ఏడాదికి 3,000 కిలోల సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు తయారు చేయడం దాని లక్ష్యం. అవి ఇంట్లో స్పీకర్ల కోసం కాదు. ఎక్కువ వేడిని తట్టుకుంటాయి కాబట్టి రక్షణ, అంతరిక్ష రంగాలకు కావాలి. 2025 ఏప్రిల్‌లో చైనా సమేరియంతో సహా ఏడు రేర్ ఎర్త్ మూలకాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. అదే ఏడాది నవంబరులో మన కేంద్ర మంత్రివర్గం దేశంలో ఇలాంటి అయస్కాంతాలు తయారు చేయించడానికి 7,280 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అంటే మెటలర్జీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మెకానికల్ చదివినవాళ్ల అవసరం పెరుగుతుందనే కదా! మన తీరం ఇసుకలో ఉండే మోనజైట్‌లోనే ఈ మూలకాలు ఉన్నాయి. ‘ఇక్కడేముంది, హైదరాబాద్ పోవాలి’ అనేముందు ఒకసారి ఆలోచించండి.

మరి ఏది మేలు?

నన్నడిగితే, ధ్వనిలో మంచి కొత్త స్పీకర్‌దే పైచేయి. 1961లో ఆస్ట్రేలియా ఇంజినీర్ నెవిల్ థీల్, ఆ తర్వాత 1970ల్లో రిచర్డ్ స్మాల్ పెట్టె కొలతల్ని ముందే లెక్కగట్టే పద్ధతి ఇచ్చారు. ఇప్పుడు కంప్యూటర్ ఆ లెక్కని నిమిషాల్లో చేసేస్తోంది. అంతకుముందు అనుభవం, అంచనాలే ఎక్కువ ఆధారం. కానీ మన్నికలో, రిపేరులో నా ఓటు పాతదానికే. సముద్రపు తేమకి ఊఫర్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు పొడిపొడిగా రాలిపోతుంది. క్రాసోవర్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోతాయి. ఆ రెండూ మార్చుకోవచ్చు. చేయి తిరిగినవాడికి అది ఒక పూట పని. కొత్త స్మార్ట్ స్పీకర్ సంగతి అలా కాదు. లోపలి బోర్డు పోయినా, కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇవ్వడం మానేసినా, కోన్ బాగున్నా సరే మూలన పడేయాల్సిందే. రిపేరు చేయలేని వస్తువుని ‘ఆధునికం’ అని పొగడటం నాకు నచ్చదు. రేపు మీరు డిజైన్ చేసే కుర్చీలో కూర్చుంటే ఈ మాట గుర్తుంచుకోండి.

ఇంటర్వ్యూకి ముందు

ఇంట్లో పాడైన స్పీకర్ ఉంటే పాత సామాన్ల వాడికి వేసేయకండి. వైర్లు తీసేసి, ఊఫర్ టెర్మినళ్లకి మల్టీమీటర్ పెట్టండి. 8 ఓమ్‌లు అని రాసి ఉన్నది దాదాపు 6 చూపిస్తుంది. తప్పు మీటర్‌ది కాదు. మీటర్ కొలిచేది డీసీ రెసిస్టెన్స్. రాసి ఉన్నది పాట మోగేటప్పటి ఏసీ ఇంపీడెన్స్. అది ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంటుంది. అసలేమీ చూపించకపోతే కాయిల్ తెగినట్టే.

మీ రెజ్యూమెలో ‘హార్డ్ వర్కింగ్, క్విక్ లెర్నర్’ అన్న లైను తీసేసి, ‘పాడైన స్పీకర్ బాగు చేశాను, ముందు, తర్వాత కొలతలు ఇవీ’ అని రాయండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మొదటి లైను రోజూ వందసార్లు చూస్తారు. రెండోది చూస్తే ఆగి ప్రశ్న అడుగుతారు. ‘ఫోమ్ ఎందుకు రాలింది? దాని బదులు రబ్బరు వేస్తే ఏమవుతుంది?’ అని. ఆ ప్రశ్నకి జవాబు మీ దగ్గర ఉంటుంది. ఎందుకంటే ఆ పని చేసింది మీరే.